జూదరి రెండవ రోగము

మార్కాపురము, గిద్దలూరు సీమకు కరవు కొత్త గాదు. వానలు తప్పిన యేడు పలకల కార్మికుడును, మెట్టరైతును అప్పుచేయుట యందఱెఱిగినదే. కాని పైరు కొఱకు గాక పేక కొఱకు పొలము తాకట్టు పడినప్పుడు ఇంటివారు నోరు విప్పరు. విప్పిననాడైనను కుమారుని వైద్యుని యొద్దకు గొనిపోయి "ఆట మాన్పింపుడు" అని మాత్రమే వేడుదురు. వాని సీసా మాట, గుట్కా మాట చెప్పరు. ఒక సిగ్గు చాలునని కాబోలు!

ఈ దాపఱికమే చికిత్సను చెఱచుచున్నది. చికిత్సకై వచ్చిన జూదరులను గూర్చి పలు దేశములలో జరిగిన పరిశీలనలను క్రోడీకరించి 2015లో ప్రకటించిన వ్యాసమున, వారిలో సగమునకు మించి పొగాకునకును, నూటికి 15 మంది మద్యమునకును బానిసలని తేలినది. అమెరికా మనోవైద్యులు 2013లోనే జూదవ్యసనమును మద్యాది వ్యసనముల వర్గమున జేర్చిరి. మనకిది వింత గాదు. కామజవ్యసనములను లెక్కించుచు మనువు పానమును, పాచికలను పక్కపక్కనే పెట్టెను. తాగినవాడు పందెము పెంచును. ఓడినవాడు దుఃఖము మఱచుటకు తాగును. ఒకదానిని మాన్పి రెండవదానిని విడిచినచో మొదటిదానికి దారి తెఱచియే యుండును.

శాసనములు లేవా? ఉన్నవి. 1974 నాటి జూద నిషేధ చట్టమును 2020లో సవరించి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆన్‌లైను జూదమును నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి యాడు ఆన్‌లైను ఆటలను దేశమంతట నిషేధించినది. నిషేధమును మేము కాదనము. కాని 2020 జూలైలో ఈ సీమకు చేరువనున్న కురిచేడులో నేమి జరిగినది? లాక్‌డౌనులో మద్యపు దుకాణములు మూతపడగా, అలవాటు పడినవారు చేతులకు రాచుకొను శానిటైజరును తాగి పదిమందికి పైగా మరణించిరి. అంగడి మూతపడినది గాని దాహము మూతపడలేదు. సెల్‌ఫోనులో రమ్మీ ఆగినవాడు దేనికి మరలినాడో నేడు అడుగువారెవరు?

అడుగుటకు పెద్ద ధనము అక్కఱలేదు. జూదమని వచ్చినవానిని మద్యము, పొగాకులను గూర్చియు, మద్యమని వచ్చినవానిని పందెములు, అప్పులను గూర్చియు మార్కాపురము, గిద్దలూరు ప్రభుత్వ వైద్యశాలలలో తప్పక ప్రశ్నింపవలయును. తాగుడు హఠాత్తుగా మానినచో కొందఱికి వణకు, మూర్ఛ, మతిభ్రమ కలుగును. కనుక వైద్యుని యెఱుక లేక గదిలో పెట్టి తాళము వేయుట ప్రాణాపాయము. 2022లో ఆరంభమైన టెలీ మానస్ వారితో 14416 సంఖ్యపై ఉచితముగా, తెలుగుననే మాటాడవచ్చును. పొలమమ్మి కుమారుని ఋణము తీర్ప దలచిన భూస్వాములు సంతకమునకు ముందే ఆ ఫోను చేయుదురు గాక. తీర్చిన పిమ్మట పట్టాదారు పాసుపుస్తకమును, బ్యాంకు కార్డును కొంతకాలము ఇల్లాలి వశమున నుంచుట మేలు.