ఓరుగల్లు పలుకు

మన నగరమునకు ఓరుగల్లని పేరు. ఆ పేరే పరుల నోట నలిగి వరంగల్ అయినది. రైలు స్టేషను పలకపై నేడు కనిపించునది రెండవదియే. అది చూచి ఎవ్వరును నవ్వరు. అట్లుండగా, ‘వచ్చిండు’ అనిన పల్లె బాలుని ‘వచ్చాడు’ అనువారు పరిహసించుట ఏమి న్యాయము? ఇంగ్లీషు మాటాడువారిలో ఒకే కాయను లండనువారు ‘టొమాటో’ యనియు, అమెరికావారు ‘టొమేటో’ యనియు పలుకుదురు. నిఘంటువులు రెంటికిని చోటిచ్చినవి. వ్రాతకు నియమము వలయును, కాదనను. కాని తరగతిలో ఒకమారు నవ్వులపాలయిన బాలుడు, జవాబు తెలిసియు, నెలల తరబడి నోరు మెదపకుండుట నేనెరుగుదును. ఓరుగల్లున నివసించిన కాళోజీ నారాయణరావుగారు జనుల నోటి పలుకుకే పట్టము గట్టిరి. వారి జన్మదినమగు సెప్టెంబరు 9ని 2014 నుండి తెలంగాణ భాషా దినోత్సవముగా జరుపుచున్నారు. ఆనాడు వేదికపై వారిని కొనియాడిన పెద్దలలో కొందరు, మరునాడే పిల్లల యాసను దిద్దబూనుదురు.