పెద్దల చెవికి అందని టిక్కుటిక్కు

డెబ్బది యేండ్లు దాటిన తండ్రిగారో, మామగారో స్వయముగా కారు నడుపుకొనుట నేడు వింత గాదు. బ్యాంకునకు, ఆసుపత్రికి, గుడికి ఒకరి నడుగనక్కరలేకుండ పోయి వచ్చుట వారికెంతో తృప్తి. అట్టి యిండ్లలో తఱచుగా వినవచ్చు నొక చిక్కును గూర్చి యీ మాసము ముచ్చటించెదను. బండి మలుపు తిరిగి చాల దూరము సాగినను ఇండికేటరు దీపము మినుకుమినుకుమనుచునే యుండును. ప్రక్కన కూర్చున్న యిల్లాలు “ఏమండీ, ఇండికేటరు ఆపలేదు” అని హెచ్చరించును. రెండవమాఱు చెప్పిన ఆయన ముఖము చిన్నబోవును. మూడవమాఱు కోపమే వచ్చును.

మనము దీనిని మతిమఱుపని తేల్చివేయుదుము. పెక్కు పర్యాయములు అది మతిమఱుపు గాదు, వినికిడి లోపము. వయస్సు మీఱినకొలది చెవి యన్ని ధ్వనులను ఒక్కతీరుగ కోల్పోదు. లోచెవిలో సన్నని కీచుధ్వనులను పట్టు కణములు ముందుగ క్షీణించును. బొంగురు ధ్వనులను పట్టునవి చాలకాలము నిలుచును. మీ వంటయింటిలోనే చూడుడు. గ్రైండరు రొద ఆ పెద్దాయనకు చక్కగ వినబడును, పోపులో ఆవాలు చిటపటలాడుట వినబడదు. మాటలలో అచ్చులు చెవిని బడును గాని స, శ, త వంటి హల్లులు జాఱిపోవును. అందుచేతనే వారు “వినబడుచున్నది గాని తెలియుట లేదు” అందురు. ఇండికేటరు టిక్కు ఈ ఆవాల జాతిదే. దానిపై ఏసీ గాలి హోరు, చక్రముల రొద, రేడియో పాట. ఇక నది చెవికి చేరుటెట్లు?

మలుపు తిరిగిన తరువాత దీపము తనంతట ఆఱవలదా యని మీరడుగవచ్చును. 1939లో అమెరికాలోని బ్యూక్ కంపెనీవారు తమ కార్లకు ఈ మినుకు దీపముల నమర్చిరి. మఱుసటి యేడు తమంతట ఆఱిపోవు నేర్పాటును చేర్చిరి. నేటి కార్లన్నిట నది కలదు. కాని స్టీరింగు బాగుగ తిరిగి మరల నిటారుగ వచ్చిననే అది పనిచేయును. ఫ్లైఓవరు దిగునప్పుడును, సర్వీసు రోడ్డునుండి పెద్ద రోడ్డు నెక్కునప్పుడును, ఒక వరుసనుండి వేఱొక వరుసకు మాఱునప్పుడును స్టీరింగు కొద్దిగనే కదలును. దీపము వెలుగుచునే యుండును. హైదరాబాదు–విజయవాడ రహదారి వంటి చోట ఎడమనున్న ఊరిబాటనుండి మోటారుసైకిలు ఎక్కబోవువాడు ఆ దీపమును జూచి, “ఈ కారు మా ఊరివైపే తిరుగును” అని నమ్మి ముందుకు వచ్చును. కారు తిరుగదు, నేరుగ వచ్చును. ఆ యువకుని దోషమేమి? ఈ పెద్దాయన దోషమేమి?

ఇక చేయదగినది. పూర్వపు కార్లలో రిలే యను చిన్న డబ్బాలోని లోహపురేకు వేడెక్కి వంగుచు, చల్లారి నిటారగుచు దీపమును వెలిగించి ఆర్పుచుండెడిది. మనము వినిన టిక్కు ఆ రేకు చప్పుడే; దానిని పెంచు వీలుండెడిది కాదు. క్రొత్త కార్లలో దీపమును నడుపునది కంప్యూటరు, టిక్కు వచ్చునది చిన్న స్పీకరునుండి. కనుక పెక్కు కార్లలో తెరమీది సెట్టింగులలో ఈ ధ్వనిని హెచ్చించు వీలు కలదు. కారుతో నిచ్చిన పుస్తకమును మనలో ఎందఱు విప్పి చూచితిమి? ముందది చూడుడు. కానిచో సర్వీసునకు బండి నిచ్చునప్పుడు అడుగుడు. జనరల్ మోటార్సువారి కార్లు కొన్నింట దీపము నార్పక ముప్పాతిక మైలు నడిపినచో వేఱొక గంట మ్రోగును. ఇట్టిది ప్రతి కారునందును ఉండదగినదని నా యభిప్రాయము.

పాత బండియైనచో బజరు పెట్టింపవచ్చును. స్కూటర్లకు అమర్చు బజర్లు బజారులో చవుకగ దొరకును గాని వానిలో ననేకములు సెకనుకు 2000 మొదలు 4000 కంపనముల కీచుధ్వని చేయును. పడుచువారికి తలనొప్పి, పెద్దవారికి నిశ్శబ్దము! 500 మొదలు 1000 వఱకు కంపనములు గల గట్టి ధ్వనిని కోరుడు. మరీ బొంగురుదైనచో రోడ్డు రొదలో మునిగిపోవును. కొనుటకు ముందు పెద్దాయనను బండిలో కూర్చుండబెట్టి, ఇంజను వేసి, ఏసీ పెట్టి ఆయన చెవితోనే పరీక్షింపుడు. మన చెవి యిచట సాక్షి గాదు. బజరు కారు లోపల, నడుపువాని ముందఱ నుండవలెను. ఎడమ కుడి తీగలను ఒక్క బజరునకు కలుపునప్పుడు నడుమ డయోడులు వేయనిచో ఒకవైపు దీపము వేసిన రెండవదియు వెలుగవచ్చును. అందుచే తెలిసిన ఎలక్ట్రీషియనుకే యప్పగింపుడు. కంప్యూటరు గల క్రొత్త బండి తీగలను మాత్రము కంపెనీ సర్వీసువారు తప్ప నెవరును తాకరాదు.

బండితో బాటు చెవిని గూడ చూపింపుడు. ఒక్కొక్కప్పుడు గులిమి తీసిన మాత్రమున సగము బాధ తీఱును. ఇండికేటరు వినబడనివారికి వెనుకనుండి వచ్చు సైకిలు గంటయు వినబడకపోవచ్చును గదా. డాక్టరు వినికిడి యంత్రము వలెనన్నచో అది పెట్టుకొని బండిలో మరల పరీక్షింపుడు. అయితే “మీకు వినబడుట లేదు” అని నలుగురిలో అనకుడు. “ఈ కారు చప్పుడు మరీ సన్నగ నున్నది, పెంచింతము” అనుడు. అది అబద్ధమును గాదు.

మఱియొక సంగతి. దీపము మామూలుగ నిమిషమునకు 60 మొదలు 120 మాఱులు మినుకును. అనేకములైన బండ్లలో ఒకవైపు బల్బు మాడినచో ఆ వైపు టిక్కు హఠాత్తుగ వేగిరపడును. ధ్వని పెంచిన పిమ్మట ఆ తేడా పెద్దాయనకే ముందుగ తెలియును. అట్లు చెప్పినచో ఆ దినముననే బల్బు మార్పింపుడు.