కడవెండిలో ఏం మారింది?

"తక్షణ కారణం ఏమిటి?" చరిత్ర పరీక్షలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఒక హత్య, ఒక కాల్పుల ఘటన రాస్తే మార్కులు పడతాయి. కానీ ఒక్క తూటాతోనే విప్లవం పుట్టదని నా అభిప్రాయం.

తెలంగాణ రైతాంగ పోరాటాన్నే చూడండి. నిజాం కాలంలో జనగామ ప్రాంతంలో విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మాటే చట్టం. వెట్టి చేయనన్న వాళ్లకు దెబ్బలు తప్పేవి కావు. 1946 జులై 4న కడవెండిలో సంఘం వాళ్లు ఊరేగింపుగా వెళ్తుంటే దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. గొర్రెల కాపరుల ఇంట పుట్టిన దొడ్డి కొమరయ్య అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. జనం ఇళ్లలోకి పారిపోలేదు. గడి మీదికే కదిలారు. కొద్ది రోజుల్లోనే చుట్టుపక్కల ఊళ్లన్నీ లేచాయి. ఆ పోరాటం 1951 అక్టోబరు వరకు సాగింది.

అయితే కొమరయ్య మొదటివాడు కాదు. అంతకు కొన్నేళ్ల ముందే కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే రైతు తన భూమి కోసం ఇదే దేశ్‌ముఖ్‌ను ఎదిరించి కోర్టుకెక్కాడు. కేసు గెలిచాడు, కానీ హత్యకు గురయ్యాడు. అప్పుడు ఊళ్లు లేవలేదు. ఎందుకు?

బందగీ ఒంటరివాడు. కొమరయ్య వెనక సంఘం ఉంది. ఆ మధ్య కాలంలో ఆంధ్ర మహాసభ పల్లెపల్లెకూ చేరింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంటను దేశ్‌ముఖ్ మనుషులకు దక్కనివ్వకుండా సంఘం వాళ్లు ఇంటికి చేర్చారు. దొరను కాదన్నా బతకవచ్చని జనం కళ్లారా చూశారు. భయం ముందే సగం పోయింది. అందుకే కడవెండి తూటా వాళ్లను ఆపలేకపోయింది.

మనం ఇప్పుడుంటున్న సూరత్ ప్రాంతమూ ఇదే చెబుతుంది. 1930 ఏప్రిల్ 6న గాంధీజీ ఉప్పు తీసిన దండి ఇక్కడికి దగ్గరే. ఆ పిడికెడు ఉప్పు అందరికీ గుర్తుంది. అంతకు రెండేళ్ల ముందు బార్డోలీ రైతులు పటేల్ నాయకత్వంలో 22 శాతం శిస్తు పెంపును కట్టబోమని నిలబడి, దాన్ని సుమారు 6 శాతానికి తగ్గించుకున్నారు. ప్రభుత్వాన్ని వంచవచ్చని ఇక్కడి రైతులు అప్పటికే నిరూపించారు.

కష్టాలే విప్లవం తెస్తాయని కొందరంటారు. వెట్టి తరతరాలుగా ఉంది కదా, మరి అన్నేళ్లు ఎందుకు రాలేదు? నేను ఒంటరిని కాననే నమ్మకం కుదిరిన రోజే అసలు మలుపు. ఆ రోజుకు తేదీ ఉండదు కాబట్టి పుస్తకంలోకి ఎక్కదు.

మనకు మూడు నాలుగేళ్లకో ఊరు మారుతుంది. కొత్త ఊళ్లో విగ్రహం కనబడితే ఆయన ఎవరని అడుగుతాం. ఆయనకంటే ముందు ఎవరు నిలబడ్డారో కూడా అడుగుదాం. కొమరయ్య పేరు రాసేటప్పుడు, మార్కులు రాకపోయినా, బందగీ పేరు కూడా రాద్దాం.