మునిగిన లోయ, మిగిలిన పటాలు

నాగార్జునకొండను గూర్చి పాఠం చెప్పని చరిత్రోపాధ్యాయుడు మన ప్రాంతంలో ఉండడు. మిర్యాలగూడ, కోదాడ, మునగాల, సూర్యాపేట బడులలో చదివినవారిలో ఆ కొండను చూడనివారు కూడ బహుశః తక్కువే. లాంచీ ఎక్కి జలాశయం దాటడం, ద్వీపం మీద దిగడం, మ్యూజియంలోని సున్నపురాతి శిల్పాలను చూచి సాయంత్రానికి మరలి రావడం చిరకాలంగా మనకు అలవాటైన విహారయాత్ర. కాని ఆ యాత్రలో మనం చూచేది కొండ శిఖరాన్ని మాత్రమే. కొండ పాదాన ఉండిన లోయ, ఆ లోయలోని విజయపురి నగరం, దాని వీధులు, స్నానఘట్టాలు, విహారాలు మనం ఎక్కిన లాంచీకి అడుగున ఉన్నవి. ఉన్నచోట ఉన్నట్లుగా వానిని చూడవలెనంటే ఇప్పుడు పాత ఛాయాచిత్రాలే దిక్కు.

భారత పురావస్తు శాఖ 1938లో ప్రచురించిన లాంగ్‌హర్స్ట్ గ్రంథం పెద్ద గ్రంథాలయాలలో ఉన్నది. వ్యాసభాగం జోలికి పోకుండ, చివర కుట్టిన నలుపు తెలుపు పటాలను మాత్రమే తిరగవేసినా చాలు. తొలిచూపునకే మనస్సున తట్టేది శిల్పసౌందర్యం కాదు, ఆ నేల ఎండు. మూడు వైపుల కొండలు, నాలుగవ వైపు కృష్ణ. నడుమ రాళ్లు, ముళ్లపొదలు, మట్టిదిబ్బలు, వాని మధ్య దిక్కులేనట్లు నిలిచిన రాతి కంబాలు. పక్కనే అంత ఏరు పారుతూ ఉండగా ఎడారి అనరాదు. అయినా ఏటికి దగ్గరగా ఉండి నీటికి దూరమైన నేల అది. మన మెట్టసీమలో పుట్టినవారికి ఆ నేల పరాయిది కాదు. మునగాల మొదలు మిర్యాలగూడ దాకా మన తాతలు దున్నిన భూమి కూడ అట్టిదే. జొన్న, సజ్జ, కంది, ఆముదం. చెరువు నిండిన ఏట వరి, నిండని ఏట వలస. ఆ పటాలను చూచి, ఇది మా ఊరి వెనుక గుట్టే కదా అని ఒక క్షణం భ్రమపడడం సహజం. ఆ భ్రమలో కొంత ప్రేమ కూడ ఉన్నది.

ఈ లోయను లోకానికి చూపినవారిలో మొదటివాడు ఒక బడిపంతులు. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే ఉపాధ్యాయుడు అక్కడ నిలిచి ఉన్న ప్రాచీన స్తంభాన్ని గుర్తించి ప్రభుత్వానికి తెలియజేశాడు. మద్రాసు శాసన శాఖలో తెలుగు సహాయకుడుగా ఉండిన సరస్వతిగారు వచ్చి పరిశీలించి, ఇది సామాన్యమైన చోటు కాదని తేల్చినారు. పిమ్మట 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ త్రవ్వించినాడు. మునగాల సంస్థానానికి దివానుగా ఉండి ఆంధ్రదేశ చరిత్రకు శాస్త్రీయమైన పునాది వేసిన కొమర్రాజు లక్ష్మణరావుగారు 1923లోనే గతించారు. శాసనం కనబడితే ఆకలిదప్పులు మరచిన ఆ మహనీయునికి, ఏరు దాటితే అందే దూరంలో ఉన్న ఈ రాతి గ్రంథాలయాన్ని చూచే భాగ్యం మూడేండ్ల తేడాతో తప్పిపోయింది.

ఆ రాళ్లు చెప్పే కథ చిన్నది కాదు. క్రీస్తు శకం మూడవ, నాలుగవ శతాబ్దులలో ఇక్ష్వాకులు ఏలిన ఈ లోయలో, శాంతమూల మహారాజు సోదరి చాంతిసిరి 106 అడుగుల వ్యాసం గల మహాచైత్యాన్ని నిర్మింపజేసింది. వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక ఒక చైత్యగృహం కట్టించి సింహళ దేశపు ఆచార్యులకు సమర్పించింది. ఆ ఆచార్యులు ధర్మం ప్రబోధించిన దేశాల పేర్లను శాసనం వరుసగా పేర్కొన్నది: కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, అపరాంతం, వంగం, వనవాసి, యవన, ద్రవిడ దేశాలు, తామ్రపర్ణి ద్వీపం. నేటి మన విద్యార్థి అట్లాసు ముందుంచుకొని వెదకవలసిన పేర్లు ఈ ముళ్లపొదల నడుమ ప్రాకృత భాషలో రాతి మీద చెక్కి ఉన్నవి. ధర్మప్రచారానికై దేశాలు తిరిగిన భిక్షువులకు ఇది ఒక మజిలీ. వారు ఇక్కడ వర్షాకాలం గడిపి, చదివి, చదివించి, మళ్లీ దారి పట్టినవారు. శాసనాలను డచ్చి పండితుడు ఫోగెల్ ప్రకటించాడు. పాఠాన్ని ఎవరైనా అచ్చు వేయవచ్చు. కాని ఆ రాయి ఏ దిబ్బ మీద ఉండినదో, దాని వెనుక ఏ కొండ కనబడేదో, చైత్యం నుండి విహారానికి ఎంత నడక ఉండినదో చెప్పగలది ఫోటో ఒక్కటే.

ఆ పటాలలో రాళ్లే కాక మనుష్యులు కూడ ఉన్నారు. త్రవ్వకాల ఫోటోలలో ఎత్తు తెలియడానికి ఒక మనిషిని స్తంభం పక్కన నిలబెట్టడం ఆ రోజులలో ఆచారం. తలపాగా చుట్టి, మోకాలి పైకి పంచ కట్టి, కెమేరా వైపు ఎట్లు చూడవలెనో తెలియక బిగుసుకొని నిలిచే మనిషి. ఆ స్తంభానికి సంఖ్య ఉంటుంది. దాని మీది వ్రాతకు అనువాదం ఉంటుంది. ఎవరు వేయించినదో ఆ దాత పేరు పదునారు వందల ఏండ్ల తరువాత కూడ మనకు తెలుసు. పక్కన నిలిచి దానికి కొలబద్ద అయిన కూలీ పేరు మాత్రం నూరేండ్లు తిరగకముందే పోయింది. చాంతిసిరి తన పేరు, తన అన్న పేరు, అల్లుని పేరు చెక్కించుకొన్నది కనుక నిలిచింది. పటం క్రింద ఒక పంక్తి వ్రాసినవాడు లేనందున ఇతడు పోయినాడు. పురావస్తు శాఖను నిందించడం మా ఉద్దేశం కాదు. వారికి అప్పగించిన పని రాళ్లది. అయినా ఈ లోటు చూచిన తరువాత మన ఇంటి పటాలను మనం మునుపటి కంటితో చూడలేము.

తరువాతి కథ అందరికీ తెలిసినదే. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేసినారు. లోయ మునుగుతుందని తెలిసి, 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి నాయకత్వాన పెద్ద ఎత్తున త్రవ్వకాలు సాగినవి. కొన్ని కట్టడాలను కొండ మీదికి, కొన్నింటిని ఒడ్డున అనుపుకు తరలించి తిరిగి నిలిపినారు. ఏటికి ఈవల మన నల్లగొండ వైపున ఏలేశ్వరం కూడ మునిగింది. అబ్దుల్ వహీద్ ఖాన్‌గారు అక్కడ త్రవ్వించి, ఆ వివరాలు గ్రంథంగా వెలువరించకపోయి ఉంటే ఆ శైవక్షేత్రం నేడు పేరుకు మాత్రమే మిగిలేది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలినారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలకు వచ్చింది. జొన్నచేలు వరిమళ్లు అయినవి. రైసు మిల్లులు లేచినవి.

కడుపు నిండిన తరువాత మునిగిన రాళ్లకై కన్నీరు పెట్టడం దొంగ ఏడుపు అనేవారున్నారు. ఆ మాటలో కొంత నిజమున్నది. కరువు ఎరిగిన ఏ రైతూ మళ్లీ మెట్ట కావలెనని కోరడు, మేమూ కోరము. అయితే మునిగింది విజయపురి ఒక్కటే కాదన్నది మా వాదం. లోయ నీటి క్రిందికి పోయిన రోజులలోనే, ఆ నీరు పారిన మేర మన మెట్టసీమ కూడ కనుమరుగైంది. మోట బావి, కపిలె ఎద్దులు, జొన్నచేలో మంచె, కందిపోరక చీపుర్లు, ఎండిన చెరువులో ఆడుకొనే పిల్లలు: ఇవన్నీ ఒక తరంలో పోయినవి. విజయపురి మునుగుతుందని ముందే తెలిసి కెమేరాలు తీసికొని వెళ్లినారు. మెట్ట పోతున్నదని ఎవరూ కెమేరా తీయలేదు. ఎందుకనగా అది పోవడం పండుగ.

నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడుగా కీర్తి గడించిన రాజా దీన్‌దయాళ్ తీసిన పటాలలో మేడలు, దర్బారులు, వేటలు కొల్లలుగా ఉన్నవి. మెట్టచేను కొరకు ఆయన కెమేరా కాళ్లు పాతవలసిన పని లేదు. మునగాల పరగణా సంగతి ఇంకా విచిత్రం. చుట్టూ నిజాం రాజ్యం, నడుమ ఈ కొద్ది గ్రామాలు మాత్రం ఇంగ్లీషువారి కృష్ణా జిల్లాలోనివి. పొలిమేర దాటితే ప్రభుత్వం మారేది, నాణెం మారేది, సుంకం కట్టవలసి వచ్చేది. ఈ పరగణా తరువాత నల్లగొండలో కలిసింది, 2016 నుండి సూర్యాపేట జిల్లాలో ఉన్నది. నడిగూడెం గడి నేటికీ ఉన్నది. నాయని వెంకట రంగారావు బహద్దరు పేరు, విజ్ఞాన చంద్రికా మండలి పేరు పుస్తకాలలో ఉన్నవి. ఆ పొలిమేరల మీది బండ్ల దారులు, ఆ నాకాల వద్ద ఆగిన బండ్లు ఏ పటంలోనైనా ఉన్నవంటే, అది ఎవరో ఒకరి ఇంటి ట్రంకు పెట్టెలోనే ఉండవలె.

జగ్గయ్యపేట ధనంబోడు మీది స్తూపాన్ని 1882లో బర్జెస్ త్రవ్వినప్పటికి ఇంచుమించు రాళ్లన్నీ ఊరివారు ఇండ్లకు పట్టుకొని పోయినారు. ఫణిగిరిని 1941–44లో హైదరాబాదు పురావస్తు శాఖ త్రవ్వించింది. తరువాత అర్ధ శతాబ్దికి పైగా పొదలు పెరిగినవి. ఆ ఫణిగిరి తోరణమే 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు పోయింది. అమరావతి శిల్పాలను లండనుకు ఓడ ఎక్కించక మునుపే, 1858లో, మద్రాసులో కెప్టెన్ ట్రైప్ ఫోటోలు తీసినాడు. అప్పటికి ఏ రాయి ఎట్లున్నదో నేటి పండితులు ఆ పటాలను చూచి పోల్చుకొంటున్నారు. తీసినవానికి ఆ ఉపయోగం తెలిసి ఉండనక్కరలేదు.

మన ఇండ్లలోని పటాలకు కూడ అట్టి ఉపయోగమే ఉన్నది. పెళ్లి ఫోటోలో పెండ్లికొడుకు వెనుక పూరిల్లు కనబడుతుంది. పాఠశాల గ్రూపు ఫోటోలో చెట్టు క్రింద తరగతి, బోర్డు మీద సంవత్సరం, ముందు వరుసలో కాళ్లకు చెప్పులు లేని పిల్లలు. కాలువ త్రవ్వినప్పుడు మట్టి మోసినవారు కోదాడ స్టూడియోలో తీయించుకొన్న ఫోటో ఒకటి దొరికిందనుకొనండి. దాని వెనుక తెర మీద రంగు తోట ఉండవచ్చు, కాని వారి చేతులు మాత్రం నిజమైనవి. ఇప్పటి పటాలు సెల్‌ఫోనులలో ఉన్నవి, ఫోను పాడైన నాడు అవీ పోతున్నవి. ఆ కష్టం వేరే చెప్పుకోవలసినది.

ఈ పనికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు, నిధులూ అక్కరలేదు. పటాన్ని అద్దపు చట్రం నుండి పీకరాదు. అతుక్కొని ఉంటే చిరుగుతుంది. బాల్‌పెన్నుతో వ్రాయరాదు, ముందు వైపునకు అచ్చు పడుతుంది. మెత్తని పెన్సిలుతో వెనుక వైపు ఊరి పేరు, ఏడాది, ఎడమ నుండి వరుసగా మనుష్యుల పేర్లు వ్రాయవలెను. ఏడాది తెలియకపోతే ఏ కరువు తరువాతనో, కాలువ వచ్చుటకు ముందో వెనుకో అని వ్రాసినా మేలే. సాంఘికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు తరగతికి ఒక నోటుపుస్తకం పెట్టి, ఒక్కొక్క విద్యార్థి ఇంటి నుండి ఒక్కొక్క పటం వివరం వ్రాయించుకొంటే ఏడాదికి ఆ ఊరి చరిత్ర ఒకటి తయారగును. పటం మాత్రం ఇంటివారి వద్దనే ఉండవలెను. బడికి తెమ్మని అడగరాదు. పోతే తిరిగి రాదు.

కష్టమైన పని ఒక్కటే ఉన్నది, పేర్లు. వెనుక వరుసలో ఎడమ నుండి మూడవవాడు ఎవరు, మోట తోలుతున్నది ఎవరి ఎద్దులు, ఆ చింతచెట్టు ఇప్పుడు ఏ మిల్లు ఉన్న చోట ఉండేది అని అడిగితే చెప్పగలవారు ప్రతి ఊరిలోను ఇద్దరో ముగ్గురో ఇంకా ఉన్నారు. వారికి ఎనుబది దాటినవి. కొందరికి చూపు సరిగా ఆనదు. పటం పెద్దదిగా చేసి చూపవలసి ఉంటుంది, లేదా పక్కన కూర్చుండి అందులో ఏమున్నదో వారికి చెప్పవలసి ఉంటుంది. దసరా సెలవులలో పోవడం మంచిది. సంక్రాంతికి కోతల పనిలో ఇంటిల్లిపాది తీరిక లేకుండా ఉంటారు.