వినువాని చేతిలోని కథ

జనగామ జిల్లా లింగాల ఘనపూర్ మండలమున మాణిక్యాపురమను గ్రామము కలదు. ఒగ్గుకథను ఎరిగినవారికి ఆ పేరు చెప్పినంతనే చుక్క సత్తయ్య జ్ఞప్తికి వచ్చును. 1935లో జన్మించి 2017లో కీర్తిశేషుడైన ఆ కళాకారుడు మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల కథలను వేలాది ప్రదర్శనలలో వినిపించెను. 2014 సంవత్సరమునకు కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారమును పొందెను. ఒగ్గుకథకు తెర అక్కరలేదు, రంగాలంకరణ అక్కరలేదు. భుజముపైని వస్త్రమే ఒక క్షణమున చీర చెరగు, మరుక్షణమున కత్తి. ప్రధాన కథకుడు ఒక మాట అనును. ప్రక్కవాడు దానిని అందుకొని ప్రశ్నించును. ఆ ప్రశ్న నిజమునకు ప్రక్కవానిది కాదు, ఎదుట కూర్చున్న ఊరివారిది. వారు నవ్విన చోట కథ కొంతసేపు నిలుచును. ఆవులించిన చోట పరుగెత్తును. మల్లన్న కథ ఎట్లు ముగియునో ఎరుగనివారు ఆ సభలో ఉండరు. అయినను ఆ ముగింపును చేరు మార్గమును ప్రతి రాత్రియు వినువారే కొంత నిర్ణయించుచుందురు.

వినువాని ఆ చేయి కనబడనిది. దానిని కనబడునట్లు చేసి, "ఇప్పుడేమి జరుగవలెనో నీవే చెప్పుము" అని కథ ఆగి నిలుచుండినచో ఏమగును? కంప్యూటరు క్రీడలలో ఒక శాఖ సరిగా ఈ పనినే చేయుచున్నది. అందు ముఖ్యపాత్రలు గీసిన బొమ్మలు కావు, కెమెరా ముందు నటించిన మనుష్యులు. ఆడువాడు గదులు వెదకును, ఆధారములు సేకరించును, పాత్రలను ప్రశ్నించును. ఒక్కొక్కచోట దృశ్యము నిలిచి రెండు మూడు సమాధానములను అతని ముందుంచును. అతడు దేనిని ఎన్నుకొనునో దానికి తగిన దృశ్యము తరువాత తెరపైకి వచ్చును. వీనిలో వైజ్ఞానిక కల్పనకు చెందినవి ప్రత్యేకముగా ఆలోచింపదగినవి. ఏలనన ఎన్నడును లేని లోకమును నిజమైన మనిషి ముఖముతో నమ్మించుట వాని పని.

ఈ ప్రయత్నము కంప్యూటరుకంటె ముందే సినిమా తెరపై జరిగినది. 1967లో కెనడా దేశపు మాంట్రియల్ నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనలో చెకొస్లొవాకియావారు 'కినోఆటోమాట్' అను చిత్రప్రదర్శనమును ఏర్పాటు చేసిరి. రదూజ్ చించెరా దాని సృష్టికర్త. ప్రతి ఆసనమునకు రెండు మీటలు అమర్చబడినవి, ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. కథ చిక్కుముడి పడినపుడు చిత్రము ఆగెడిది. వ్యాఖ్యాత ఒకడు తెర ముందుకు వచ్చి ప్రేక్షకుల తీర్పు కోరెడివాడు. అధికసంఖ్యాకులు కోరినట్లు కథ నడచెడిది. అయితే అందొక గడుసుదనము కలదు. ఒక భవనము తగులబడుచుండగా కథ ఆరంభమగును. ప్రేక్షకులు ఏ మీట నొక్కినను, ఎన్నిసార్లు నొక్కినను, తుదకు భవనము కాలక తప్పదు. రెండు త్రోవలును మరల ఒకచోటనే కలియునట్లు చించెరా అల్లెను. అది అతని వ్యంగ్యము. ఎన్నుకొంటినని మురిసిపోవువాని మురిపెమునే అతడు పరిహసించెను. తరువాత వచ్చిన పెక్కు క్రీడలు ఆ కిటుకును మాత్రము గ్రహించి వ్యంగ్యమును విడిచిపెట్టినవి.

1990 తరువాత సీడీ పళ్ళెములు వ్యాప్తికి వచ్చుటతో వీడియో దృశ్యములకు కంప్యూటరులో చోటు దొరకినది. ఆనాటి యంత్రములు మనిషి ముఖమును నమ్మదగినట్లు గీయజాలకుండెను. కనుక నిజమైన ముఖమునే చిత్రీకరించి చూపుట సుళువని తోచినది. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీయందలి ఆక్సెస్ సాఫ్ట్‌వేర్ అను సంస్థ 1994లో 'అండర్ ఎ కిల్లింగ్ మూన్' అను క్రీడను నాలుగు సీడీలపై వెలువరించెను. అణుయుద్ధము ముగిసిన పిమ్మట శిథిలమైన శాన్‌ఫ్రాన్సిస్కో నగరము, అందు అద్దె కట్టలేని ఒక అపరాధ పరిశోధకుడు టెక్స్ మర్ఫీ. ఆ పాత్రధారి క్రిస్ జోన్స్ ప్రసిద్ధ నటుడు కాడు. ఆ క్రీడను రూపొందించినవారిలో ఒకడు. ఎవరిని పెట్టుదమా అని వెదకుటకంటె తానే వేషము కట్టుట మన వీథినాటకముల వారికి తెలిసిన పద్ధతియే.

1998లో వచ్చిన మరియొక భాగము కథానాయకుని ప్రాణాపాయమున విడిచి ముగిసినది. అంతలో కాలము మారినది. గీసిన బొమ్మలు మెరుగుపడినవి; చిత్రీకరణకు ఖర్చు అధికము; పలు క్రీడలలో నటన నాసిగా ఉండుటచే ప్రజలు నవ్వసాగిరి. ఆ నవ్వు అన్యాయమని అనజాలము. నాయకుడు అట్లే అపాయమున నిలిచిపోయెను. తుదకు 2012లో ఆ కథను ప్రేమించినవారే కిక్‌స్టార్టర్ అను వేదిక ద్వారా చందాలు వేసికొని సుమారు 6 లక్షల డాలర్లు సమకూర్చిరి. పాత మిత్రులు మరల కూడి 2014లో 'టెస్లా ఎఫెక్ట్' అను క్రీడను పూర్తిచేసిరి. అందు టెక్స్ మర్ఫీ ఏడేండ్ల జ్ఞాపకమును కోల్పోయి మేల్కొనును. కథలో గడచినది ఏడేండ్లు, నటుని ముఖముపై గడచినవి పదునారేండ్లు. గీసిన బొమ్మ ఎన్ని యేండ్లకైనను ముదియదు. క్రిస్ జోన్స్ ముడుతలు మాత్రము ఎవరును గీయనక్కరలేనివి. 'నేను పోగొట్టుకొన్న కాలమేది' అని ఆ పాత్ర అడిగినపుడు ఆ ముడుతలే సగము మాట చెప్పును.

ఆకుపచ్చ వస్త్రము ముందు నిలిచి నటులు నటించిరి. వెనుకటి నగరమును కంప్యూటరు చేర్చినది. మనిషి చర్మమున ఆకుపచ్చ రంగు ఉండదు గనుక యంత్రము ఆ రంగును సులభముగా గుర్తించి తొలగించును. ఇందు రహస్యమేమియు లేదు. అసలు కష్టము వేరొకచోట ఉన్నది.

కథలో పది చోట్ల మాత్రమే ఎన్నిక ఉన్నదనుకొందము. ప్రతిచోటను రెండే త్రోవలు. ఒక త్రోవ మరియొక దానితో కలియదు. అప్పుడు ముగింపులు 1,024 అగును. మొదటినుండి తుదివరకు లెక్కించిన మొత్తము దృశ్యములు 2,047. ఒక్కొక్కటి ఒక నిమిషమే అయినను 34 గంటలకు పైగా చిత్రీకరింపవలెను. ఆడువాడు ఒకసారి చూచునది 11 నిమిషములే! గణితోపాధ్యాయుడు తరగతిలో ఈ లెక్కను చెప్పినచో విద్యార్థులు ఘాతములను మరువరు.

ఈ వరదను అదుపు చేయుటకు తెలంగాణమున ఏనాడో కనుగొన్న ఉపాయమే శరణ్యము. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులను చూడుడు. తూము విప్పిన నీరు ఈ పొలమునకో ఆ పొలమునకో పారును. మిగిలినది మత్తడి దూకి దిగువ చెరువును చేరును. అట్లే కథాశాఖలును కొంత దూరము విడిగా పారి మరల ఒక ఘట్టమున చేరవలెను. అయితే పొలము తడిసిన గుర్తు మిగులవలెను. మొదటి ఘట్టమున ఆడువాడు అబద్ధమాడినచో, ఐదవ ఘట్టమున ఒక పాత్ర అతని ముఖము చూచి మాట ఆపివేయవలెను. ఆ గుర్తును నిలుపుకొన్న క్రీడ సత్యమైనది. నిలుపుకొననిది మాంట్రియల్ మీటల వంటిది, అందలి వ్యంగ్యము కూడ లేనిది. పిల్లలు దీనిని త్వరగా పసిగట్టుదురు. "ఏది నొక్కినను ఒకటే" అని ఒక్కసారి తెలిసినచో వారు మరల ఆలోచించి నొక్కరు.

తెలుగువారికి ఈ విద్య పరాయిది కాదు. భేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేయును. తెలిసియు చెప్పకున్నచో విక్రమార్కుని తల వ్రక్కలగును. చెప్పినచో మౌనభంగమై శవము చెట్టెక్కును. రెండు త్రోవలందును నష్టమున్నది. అందుచేతనే ఆ ఎన్నికకు బరువు వచ్చినది. కె.వి.రెడ్డి దర్శకత్వమున 1957లో వచ్చిన 'మాయాబజార్' చిత్రములోని ప్రియదర్శిని, చూచువానికి ఏది ప్రియమో దానినే చూపును. ఆ చిత్రమునకు సహాయకుడుగా పనిచేసిన సింగీతము శ్రీనివాసరావు 1991లో 'ఆదిత్య 369' తీసి, కాలయంత్రమున ప్రేక్షకులను రాయల సభకును భవిష్యత్కాలమునకును తీసికొనిపోయెను. అందు ప్రయాణము దర్శకుడు నడపినట్లు నడచినది. ఆ యంత్రపు పిడిని విద్యార్థి చేతికి ఇచ్చుటయే మిగిలినది.

సెల్‌ఫోను పేరెత్తినంతనే కనుబొమలు ముడుచు ఉపాధ్యాయులు కలరు. వారి భయము నిరాధారము కాదు. చదువు సమయమును మ్రింగునట్టి క్రీడలు నిజముగా ఉన్నవి. కాని ఆ పరికరముననే కెమెరా కూడ ఉన్నదని వారు గుర్తింపవలెను. ఆడుటకు మాత్రమే దానిని ఎరిగిన బాలుడు ఎవరో వ్రాసిన త్రోవలందే నడచును. ఆ క్రీడలలో తెలుగు మాట వినబడుట అరుదు. ఒక సమాధానమును ఎన్నుకొనవలసి వచ్చినపుడు అతడు తనది కాని భాషలో, తనది కాని ఊరిలో ఎన్నుకొనుచున్నాడు. ఇది చిన్న సంగతి కాదు.

శాఖోపశాఖల కథలను అల్లుటకు 2009లో వెలువడిన ట్వైన్ అను ఉచిత సాధనము కలదు. అదియు లేకున్నచో కాగితపు ముక్కలు, దారము, గోడ చాలును. తొమ్మిదవ తరగతి వారు ఇట్టి కథనొకటి తలపెట్టినారనుకొందము: కాలయంత్రము 1322వ సంవత్సరమున ఒక చెరువుకట్టపై ఆగినది. మరుసటి యేడు ఓరుగల్లు కోట ఢిల్లీ సైన్యముల వశమగునని లోపలి బాలునికి తెలియును, అతడు చరిత్ర పాఠము చదివినవాడు గనుక. కట్టపైని వృద్ధుడు, "ఎచ్చటినుండి వచ్చితివి నాయనా?" అని అడిగెను. చెప్పవలెనా, మానవలెనా? చెప్పినచో వృద్ధుడు నమ్మునా? కోటలో కొలువున్న కొడుకును వెనుకకు పిలుచునా? మానినచో రాత్రి ఆ ఇంట అన్నము తినునపుడు బాలుడు ఆ కొడుకు ముఖమును ఎట్లు చూచును? ఇందు ఏ దృశ్యమును తరగతిలో ఎక్కువమంది ఎన్నుకొందురో ముందుగా తెలియదు. ఎవరును ఎన్నుకొననిది కూడ ఒకటి ఉండవచ్చును. దానిని సైతము అంతే శ్రద్ధతో వ్రాసి, నటించి, చిత్రీకరింపవలెను. కెమెరా ఆగిన పిమ్మట నటుని నోట మాట మార్చుటకు వీలుకాదు. కనుక దిద్దుబాటంతయు కాగితముపైననే జరుగవలెను. వ్యాసరచన గంటలో ఇంతకంటె కఠినమైన అభ్యాసమును కల్పించుట కష్టము.

వృద్ధుని వేషమునకు మండలములోని ఒగ్గు కళాకారుడొకడు అంగీకరించినచో, అతనికి వ్రాతప్రతి ఇచ్చి వల్లె వేయింపరాదు. పిల్లలు అడుగదలచిన ప్రశ్నలను ఒక్కొక్కటిగా అతనికి వినిపించి, అతడు తన మాటలలో చెప్పు సమాధానములను ప్రక్కన కూర్చుండి వ్రాసికొనుట మేలు.