ఒకే పుట – రెండు లిపులు

మన వార్షిక సంచికను చేతిలోకి తీసుకున్న పాఠకుడు మొదట చూచేది లోపలి వ్యాసాలను కాదు, అట్టను. ఆ అట్టమీద కళాశాల పేరు రెండు లిపులలో వుంటుంది. కుడి నుంచి ఎడమకు నడిచే ఉర్దూ ఒకటి, ఎడమ నుంచి కుడికి నడిచే తెలుగు ఒకటి. ఈ రెండింటినీ ఒక పుటపై పొందికగా కూర్చడం చాలా చిన్న పని అని పలువురి భావన. "కంప్యూటరు వున్నది గదా, మీట నొక్కితే అదే సర్దుతుంది" అనే మాట తరచుగా వినవస్తున్నది. ఈ మాటతో మేము ఏకీభవించలేకున్నాము. మీట నొక్కితే సర్దుతుందన్నది నిజమే. కాని అది దేనిని కొలిచి సర్దుతున్నదో, దేనిని కదలకుండా నిలిపి దేనిని జరుపుతున్నదో తెలియకుండా నొక్కినప్పుడు, రెండు భాషలలో ఏదో ఒకదానికి అన్యాయం జరుగుతున్నదని మా అభిప్రాయం.

రేఖాచిత్రాలను గణిత సూత్రాలుగా నిలువచేసే ప్రోగ్రాములు నిన్న మొన్నటివి కావు. 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఇవాన్ సదర్లాండ్ తన పరిశోధనలో భాగంగా రూపొందించిన స్కెచ్‌ప్యాడ్, కాంతి కలముతో తెరపై గీచిన గీతలను సమాంతరముగా వుండమనీ, సమానమైన నిడివితో వుండమనీ ఆజ్ఞాపించగలిగింది. అనంతరం 1987లో ఇలస్ట్రేటర్, 1989లో కోరెల్‌డ్రా, 2003లో ఉచితంగా లభించే ఇంక్‌స్కేప్ వచ్చినవి. పేర్లు వేరైనా వీటన్నిటిలో రెండు ఆదేశాలు మాత్రం తప్పక కనిపిస్తాయి. ఒకటి అలైన్, అనగా ఆకృతులను ఒకే గీతకు చేర్చడం. రెండవది డిస్ట్రిబ్యూట్, అనగా వాటి నడుమ ఎడమును సమముగా పంచడం.

మొదటిదానిలో అసలు ప్రశ్న, ఎవరు నిలుస్తారు, ఎవరు జరుగుతారు అన్నది. కోరెల్‌డ్రాలో ఆకృతులను ఒక్కొక్కటిగా ఎంచుకున్నప్పుడు చివర ఎంచుకున్నది నిలుస్తుంది, తక్కినవి దాని వద్దకు జరుగుతాయి. ఇంక్‌స్కేప్‌లో ఈ నిర్ణయాన్ని మనకే విడిచిపెట్టినారు. మొదట ఎంచుకున్నదా, చివర ఎంచుకున్నదా, అన్నిటిలో పెద్దదా, చిన్నదా, లేక పుట యావత్తునా, దేనిని ప్రమాణంగా తీసుకోవలెనో ముందుగా చెప్పవచ్చును. చెప్పనివారికి అప్పటికి అక్కడ ఏది వుంటే అదే ప్రమాణము. తెలుగు శీర్షికను స్థిరంగా నిలిపి ఉర్దూ శీర్షికను దాని వద్దకు లాగినా, ఉర్దూను నిలిపి తెలుగును లాగినా, ఒక భాష ఇంటిదీ మరొకటి అతిథిదీ అవుతున్నది. రెంటినీ పుటకే చేర్చినప్పుడు ఈ తారతమ్యము వుండదు. మీటలో తేడా రవ్వంత, అట్టమీద కనిపించే తేడా మాత్రం చాలా పెద్దది.

ఇక ఎడమును పంచడం. ఇందులో మన మిత్రులు చాలామంది గమనించని చిక్కు వున్నది. నాలుగు ఛాయాచిత్రాలను ఒక వరుసలో అమర్చవలసి వచ్చిందనుకుందాము. వాటి వెడల్పులు వరుసగా 20, 60, 40, 20 మిల్లీమీటర్లు. మొత్తం 140. వరుస నిడివి 200 గనుక మిగిలిన ఖాళీ 60. నాలుగు చిత్రాల నడుమ సందులు మూడు. ఒక్కొక్క సందు 20 మిల్లీమీటర్లు కావలెను. "సందులను సమము చేయి" అన్న ఆదేశం ఇస్తే అట్లే వస్తుంది. కాని దాని ప్రక్కనే "కేంద్రాలను సమదూరంలో వుంచు" అన్న మరొక మీట వున్నది. దానిని నొక్కితే కేంద్రాలు 10, 70, 130, 190 వద్ద నిలుస్తాయి. లెక్క ప్రకారం దోషం లేదు. సందులు మాత్రం 20, 10, 30గా మారిపోతాయి. రెండవ, మూడవ చిత్రాలు ఒకదానికొకటి ఆనుకున్నట్లు, చివరి చిత్రం వెలివేసినట్లు కనిపిస్తుంది. విద్యార్థి సంఘం ఛాయాచిత్రాల పుటలో ఎవరిని దూరం పెట్టినారో అన్న అపార్థానికి ఇంతకన్న కారణం అక్కరలేదు.

సంక్రాంతి నాడు ముంగిట ముగ్గు పెట్టే ఆడపడుచుకు ఈ చిక్కు ఎన్నడూ ఎదురుకాదు. ఆమె పెట్టే చుక్కలన్నీ ఒకే పరిమాణంలో వుంటాయి. ఆకృతులన్నీ సమానమైనప్పుడు సందులను సమము చేసినా, కేంద్రాలను సమము చేసినా ఫలితము ఒక్కటే. ఆకృతులు వేరువేరైనప్పుడే మనం ఏ సమానత్వాన్ని కోరుతున్నామో తేల్చుకోవలసి వస్తుంది.

అంచుల విషయం కూడా ఇటువంటిదే. 210 మిల్లీమీటర్ల పుటమీద 30 మిల్లీమీటర్ల చిహ్నాలు ఐదు వేసినామనుకోండి. మొదటిదానిని ఎడమ అంచుకు, చివరిదానిని కుడి అంచుకు ఆనిస్తే నడుమ సందులు నాలుగు, ఒక్కొక్కటి 15. అంచుల వద్ద కూడా అంతే ఖాళీ కావలెనంటే సందులు ఆరు, ఒక్కొక్కటి 10. ప్రోగ్రాము చివరి రెండింటినీ కదలనీయదు గనుక, వాటి స్థానాన్ని ముందుగా నిర్ణయించవలసినది మనమే. (చట్రపు గీత మందాన్ని కొలతలో చేర్చవలెనా, మానవలెనా అన్నది కూడా ఇంక్‌స్కేప్ అడుగుతుంది. మందమైన చట్రాలు వాడేవారు దీనిని మరువరాదు.)

ఇంతవరకు లెక్క. దీని తరువాతిది కంటికి సంబంధించినది. మాకు ముఖ్యమైనదీ ఇదే. యంత్రము ఆకృతిని చూడదు. ఆకృతి చుట్టూ తాను ఊహించుకున్న దీర్ఘచతురస్రపు పెట్టెను మాత్రమే చూస్తుంది. ఒక వృత్తంలో కుడివైపుకు మొనదేలిన త్రిభుజాన్ని నడిమధ్యన నిలుపమంటే పెట్టె మధ్యను నిలుపుతుంది. త్రిభుజపు బరువు దాని భూమివైపున వున్నది. 30 మిల్లీమీటర్ల త్రిభుజానికి పెట్టె మధ్య 15 వద్ద వున్నా, గురుత్వకేంద్రం భూమి నుంచి 10 వద్దనే వుంటుంది. అందువల్ల ఆ బొమ్మ ఎడమకు ఒరిగినట్లు తోస్తుంది. దానిని చేతితో కొంత కుడికి జరిపినవాడే చిత్రకారుడు.

మన లిపులకు ఈ పెట్టె లెక్క బొత్తిగా సరిపడదు. "కళాశాల" అన్న మాటలో క్రిందికి వ్రేలాడే ఒత్తులు లేవు. "స్వాతంత్ర్యం" అన్న మాటలో ఒత్తుల మీద ఒత్తులున్నవి. ఈ రెంటినీ ప్రక్కప్రక్కన పెట్టి అడుగు అంచులను కలుపమంటే, మొదటి మాటలోని అక్షరాలు రెండవ మాటలోని ఒత్తుల స్థాయికి దిగిపోతాయి. ఉర్దూకు వాడే నస్తాలీఖ్ లిపిలో చిక్కు ఇంకా ఎక్కువ. అక్కడ అక్షరాలు ఒకే గీతమీద నడువవు. కుడి పైభాగం నుంచి ఎడమ దిగువకు మెట్లు దిగినట్లు దిగుతాయి. అందుచేత పెట్టె ఎత్తు పెరుగుతుంది, అందులో సిరా పాలు తగ్గుతుంది. రెండు శీర్షికల పెట్టెలనూ ఒకే ఎత్తుకు తెచ్చి "సమానం చేసినాము" అంటే, కొలబద్ద అంగీకరిస్తుంది గాని ఉర్దూ చదువరి అంగీకరించడు. అతనికి తన భాష చిన్న అక్షరాలలో కనిపిస్తుంది. సమానత్వం పేర జరిగే ఈ అసమానతను ఇకనైనా మానుకోవలెనని మేము గట్టిగా కోరుతున్నాము.

పూర్వపు కాతిబులకు ఈ సంగతి బాగుగా తెలుసు. పదవ శతాబ్దిలో బగ్దాదు నగరంలో అబ్బాసీ ఖలీఫాల వద్ద మంత్రిగా పనిచేసి 940లో మరణించిన ఇబ్న్ ముక్లా, అక్షరాలకు నిష్పత్తులు ఏర్పరచినాడని సంప్రదాయము చెబుతున్నది. కలము మొనతో పెట్టిన నుక్తాయే అందులో కొలత. అలిఫ్ ఎన్ని నుక్తాల పొడవు వుండవలెనో, తక్కిన అక్షరాలు దానిని బట్టే. పెట్టె లేదు, కలమే ప్రమాణము. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ నూరీ నస్తాలీఖ్‌ను యంత్రానికి ఎక్కించవలసి వచ్చినప్పుడు, వేలాది అక్షర సముదాయాలను ఒక్కొక్కటిగా వ్రాసి అందించవలసి వచ్చింది. విడి అక్షరాలను యంత్రమే కూర్చుకొమ్మంటే ఆ లిపి అందము నిలువదని ఆయనకు తెలుసు.

ఈ కష్టానికి నేటి ప్రోగ్రాములలో కొంత ఉపశమనం వున్నది. ఇంక్‌స్కేప్‌లో పెట్టె అంచులను కాక, అక్షరాల ఆధారరేఖనే కలిపే ఆదేశం వేరుగా వున్నది. అయితే అది అక్షరాలు అక్షరాలుగా వున్నంతవరకే పనిచేస్తుంది. ముద్రణాలయాల వారు ఫాంటు లేక అక్షరాలు చెదరిపోతాయన్న భయంతో, వచ్చిన ప్రతిని ముందుగా వంపుగీతలుగా మార్చివేస్తున్నారు. ఆ క్షణం నుంచి "కళాశాల" ఒక మాట కాదు, కొన్ని ఆకృతుల గుంపు. దానికి ఆధారరేఖ ఏదో యంత్రానికి తెలియదు. ఆ తరువాత చేసే సర్దుబాట్లన్నీ పెట్టెలమీదనే. వారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఫాంటు చెదరితే నింద వారిమీదనే పడుతుంది గదా. సర్దుబాటు ముందు, మార్పిడి తరువాత అన్న వరుసను మాత్రం మనమే పాటించి పంపవలెను.

సంచికకు ప్రాణము రచనలే గాని అట్ట కాదని కొందరు పెద్దలు అనవచ్చును. ఆ మాట మేమూ ఒప్పుకుంటాము. కాని ఉర్దూ విభాగంలో వ్రాసిన విద్యార్థి తన గజల్ శీర్షిక ప్రక్క పుటలోని తెలుగు శీర్షిక కన్న నలిగి, ఒక మూలకు ఒదిగి వుండటం చూచినప్పుడు, రచన గొప్పదని చెప్పి అతనిని సమాధానపరచడం కష్టం. తెలుగు విభాగపు విద్యార్థి విషయంలోనూ ఇంతే. ఒత్తులు తెగిపోయిన శీర్షికను అచ్చులో చూడటం ఎవరికీ సంతోషం కాదు.

కనుక కళాశాల సంఘం వారికి మా విన్నపములు ఇవి. సంచిక కూర్పును పూర్తిగా బయటివారికి అప్పగించక, కంప్యూటరు గదిలో వారానికి రెండు గంటలు విద్యార్థులకు ఇంక్‌స్కేప్ నేర్పించండి. దానికి కొనుగోలు ఖర్చు లేదు. ప్రతి పుటకూ అక్షరాలు అక్షరాలుగానే వున్న ప్రతి ఒకటి కళాశాలలో భద్రపరచండి. ఉర్దూ మాత్రమే చదివినవారు తెలుగు ఒత్తు తెగినదో లేదో పట్టలేరు. తెలుగు మాత్రమే చదివినవారికి నుక్తా తప్పితే తెలియదు. అందుచేత తుది నమూనా ముందు ఉర్దూ విభాగం నుంచి ఒకరిని, తెలుగు విభాగం నుంచి ఒకరిని కలిపి కూర్చోబెట్టి, ఇద్దరూ సంతకం చేసిన తరువాతనే దానిని అచ్చుకు పంపండి. రాబోయే సంచికకు ఆ ఇద్దరి పేర్లను విభాగాధిపతులు ఇప్పుడే సూచించగలిగితే, పని ఆఖరి వారానికి మిగలకుండా వుంటుంది.