షేరు ధర తీర్పు కాదు

అడోబ్ కథ వ్యాపార విద్యార్థులకు విజయగాథగా చేరుతోంది. 2013 మేలో ఆ కంపెనీ కొత్త ఫొటోషాప్‌ను ఒకసారి డబ్బు తీసుకుని అమ్మేసే పద్ధతి మానేసి, నెలనెలా చందా కట్టించుకునే పద్ధతికి మారింది. వాడేవాళ్లు మండిపడ్డారు. వేలమంది సంతకాలతో వినతిపత్రం పంపారు. కంపెనీ వెనక్కి తగ్గలేదంటారు. ఆ ఏడాది 400 కోట్ల డాలర్ల పైచిలుకు ఉన్న ఆదాయం 2024కల్లా 2,150 కోట్ల డాలర్లకు చేరింది. కనుక ఆనాడు గొడవ చేసినవాళ్లు మార్పును చూసి జడుసుకున్నవాళ్లేననీ, ధర మారినప్పుడల్లా కొనుగోలుదారులు నాలుగు రోజులు అరిచి ఐదో రోజు కార్డు తీస్తారనీ ఈ కథ చెప్పే నీతి. మన దగ్గర దానికి కొంత గర్వం కూడా తోడైంది. ఆ మార్పును నడిపించిన శంతను నారాయణ్ హైదరాబాద్‌లో పుట్టి, హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లోనూ ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ చదివిన మనిషి. ఆయన ఎదుగుదలకు సంతోషించడంలో తప్పులేదు. ఆ సంతోషంలో డబ్బు కట్టినవాళ్ల గొంతు వినబడకుండా పోవడమే తప్పు.

ఆదాయం పెరిగిందంటే కంపెనీకి లాభం కలిగిందని అర్థం. కొన్నవాళ్ల ఫిర్యాదు అన్యాయమైనదని అర్థం కాదు. ఆదాయం, షేరు ధర చూసి ఫిర్యాదును కొట్టేసేవాళ్లు అసలు ఆ ఫిర్యాదు ఏమిటో చదవరు.

2012లో వచ్చిన ఫొటోషాప్ సీఎస్6 ధర 699 డాలర్లు. పాత వెర్షన్ ఉన్నవాళ్లు 199 డాలర్లు కట్టి కొత్తదానికి మారే వీలుండేది. అక్కరలేదనుకుంటే పాతదానితోనే పని చేసుకునేవారు. చందా వచ్చాక ఒక్క ఫొటోషాప్‌కే నెలకు 19.99 డాలర్లు పెట్టారు. ఒకేసారి 699 కట్టడమెక్కడ, నెలకు 20 కట్టడమెక్కడ అని కంపెనీ పక్షం వాళ్లు ఈ లెక్కనే పదేపదే చూపించారు. కొత్తగా చేరేవారికి అది నిజమే. అప్పటికే కొనుక్కుని మూడేళ్లకోసారి 199 డాలర్లతో సరిపెట్టుకునేవారికి మాత్రం అదే మూడేళ్లకు దాదాపు 720 డాలర్లు. ఏళ్ల తరబడి నమ్మి కొన్నవారి మీదే ఎక్కువ భారం పడింది. వాళ్లు కోప్పడితే భయం అంటున్నారు. అది లెక్క తెలిసినవాళ్ల కోపం.

డబ్బు కన్నా పెద్ద విషయం ఇంకొకటి ఉంది. పాత పద్ధతిలో కొనేవారికి ‘ఈసారి వద్దు’ అనే హక్కు ఉండేది. కొత్త వెర్షన్‌లో పనికొచ్చేది ఏమీ లేకపోతే ఆగిపోయేవారు. ముహూర్తాలు లేని ఏడాది ఫొటో స్టూడియో యజమాని ఆ ఖర్చు వాయిదా వేసుకునేవాడు. జనం ఆగిపోతారన్న భయమే కంపెనీ చేత మంచి వెర్షన్లు చేయించింది. చందా ఆ హక్కును తీసేసింది. కట్టడం ఆపిన తరువాత సాఫ్ట్‌వేర్ పని చేయదు. మన తెలుగు డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్ 7 ఇప్పటికీ కనిపిస్తుంది. అది 2001 నాటిది. ఆ తరువాత అడోబ్ దాన్ని ముందుకు తీసుకెళ్లలేదు. అయినా అను ఫాంట్లతో పెళ్లిపత్రికలు, కరపత్రాలు, పుస్తకాలు దాని మీదే తయారయ్యాయి. అదే చందా సరుకు అయివుంటే కంపెనీ చాలించుకున్ననాడే ఆ పనులన్నీ ఆగేవి.

ఇక కంపెనీ వెనక్కి తగ్గలేదన్న మాట. అది నిజం కాదు. 2011 నవంబరులో అడోబ్, సీఎస్5 తరం వెర్షన్ ఉన్నవాళ్లకే తగ్గింపు ధరకు సీఎస్6 ఇస్తామని ప్రకటించింది. సీఎస్3, సీఎస్4 కొన్నవాళ్లు మళ్లీ పూర్తి ధర పెట్టాలన్నమాట. ఫొటోషాప్ పాఠాల రచయిత స్కాట్ కెల్బీ బహిరంగ లేఖ రాశారు, వాడకందారులు గొంతు కలిపారు. 2012 జనవరిలో కంపెనీ దిగివచ్చి వాళ్లకూ ఆ ఏడాది చివరిదాకా గడువిచ్చింది. అమెరికాలో 2,599 డాలర్లకు దొరికిన అడోబ్ సాఫ్ట్‌వేర్ల కట్ట ‘మాస్టర్ కలెక్షన్’కు ఆస్ట్రేలియాలో వెయ్యి డాలర్లకు పైగా అదనంగా వసూలు చేయడం మీద అక్కడి పార్లమెంటరీ కమిటీ 2013 ఫిబ్రవరిలో అడోబ్‌ను విచారణకు పిలిచింది. ఆ పిలుపు వచ్చిన రోజుల్లోనే, అప్పటికి ఇంకా తప్పనిసరి కాని చందా ధర అక్కడ తగ్గింది. చందా ప్రకటన మీద దుమారం రేగిన నాలుగు నెలలకు, సెప్టెంబరులో, ఫొటోగ్రాఫర్లకు ఫొటోషాప్, లైట్‌రూమ్ రెండూ కలిపి నెలకు 9.99 డాలర్ల ప్లాన్ వచ్చింది. ఆ ప్లాన్‌ను ఏళ్ల తరబడి వాడుకున్న ప్రతి ఒక్కరూ 2013లో అరిచినవాళ్లకు రుణపడి ఉన్నారు. 2025 జనవరిలో కొత్తవాళ్లకు ఆ ప్లాన్ మూసేశారు. అప్పుడు ఆ స్థాయిలో గొడవ చేసినవాళ్లు లేరు.

చందా తప్పనిసరి పరిణామం అన్నదీ అబద్ధమే. ప్రోగ్రామర్లు వాడే ఇంటెలిజె, పైచార్మ్‌లను తయారుచేసే జెట్‌బ్రెయిన్స్ 2015 సెప్టెంబరులో చందాకు మారుతున్నట్టు చెప్పింది. ప్రోగ్రామర్లు ఊరుకోలేదు. రెండు వారాల్లో కంపెనీ పథకాన్ని తిరగరాసింది. ఏడాదిపాటు చందా కట్టినవారు తరువాత మానేసినా ఒక వెర్షన్‌ను శాశ్వతంగా వాడుకోవచ్చని హామీ ఇచ్చింది. కంపెనీ బతికింది, వాడేవారి హక్కూ బతికింది. సర్వర్లకు, భద్రతా సవరణలకు, ఇంజనీర్ల జీతాలకు నెలనెలా ఖర్చు ఉంటుందని చందాను సమర్థించేవారు చెప్పేది సబబైన మాటే. దానికి జెట్‌బ్రెయిన్స్ చూపించిన దారే జవాబు. ఇంగ్లండ్‌కు చెందిన సెరిఫ్ కంపెనీ కూడా 2014 నుంచి అఫినిటీ సాఫ్ట్‌వేర్‌ను ఒకసారి కొనుక్కునే పద్ధతిలో ఏళ్లపాటు అమ్మింది. అడోబ్ మీద అలిగినవాళ్లే దానికి గిరాకీ.

“మనవాళ్లు దొంగ కాపీలు వాడేవాళ్లు, వాళ్లకు ధర గురించి మాట్లాడే అర్హత ఎక్కడిది?” అని అడిగేవారు చాలామంది కనిపిస్తారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట ఇదే. దొంగ కాపీ వాడేవారికి ధర పెరిగినా ఒకటే, తరిగినా ఒకటే. వాళ్లు వినతిపత్రాలు రాయరు. ధర మీద నోరు తెరిచేది నిజాయితీగా డబ్బు కట్టినవాళ్లు, కట్టాలనుకుంటున్నవాళ్లు. వాళ్లను దొంగలతో కలిపి తిట్టడం అన్యాయం.

ముందస్తు బుకింగుల విషయంలోనూ ఇదే అన్యాయం జరుగుతోంది. పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ ‘సైబర్‌పంక్ 2077’ గేమ్‌ను మూడుసార్లు వాయిదా వేసి 2020 డిసెంబరు 10న విడుదల చేసింది. అప్పటికే 80 లక్షల ముందస్తు ఆర్డర్లు వచ్చాయి. పాత ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ మీద అది సరిగా నడవలేదు. విడుదలకు ముందు సమీక్షకులకు ఇచ్చింది కంప్యూటర్ వెర్షనే కాబట్టి కన్సోల్ కొనుగోలుదారులకు ఆ సంగతి తెలిసే మార్గం లేదు. పాత కన్సోళ్ల మీద ఆట ఎలా ఉందో ముందే చూపించనందుకు కంపెనీ తానే క్షమాపణ చెప్పింది. వారం తిరిగేసరికి సోనీ తన దుకాణం నుంచి ఆ గేమ్‌ను తీసేసి డబ్బు వాపసు ఇస్తామంది. అయినా ‘చూడకుండా కట్టడం వాళ్ల బుద్ధితక్కువ’ అన్న మాటే ఎక్కువగా వినిపించింది. అమెరికాలో మదుపరులు దావా వేస్తే కంపెనీ 18.5 లక్షల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. షేరు కొని నష్టపోయినవారిని ఎవరూ బుద్ధితక్కువ వాళ్లనలేదు. గేమ్ కొని నష్టపోయినవారికే ఆ పేరు ఎందుకు?

డౌన్‌లోడ్ చేసుకునే సరుకుకు కొరత ఉండదు. ముందు కట్టకపోతే దొరకదన్న సమస్యే లేదు. అక్కడ ముందస్తు బుకింగ్ వల్ల మేలంతా అమ్మేవారికే. సరుకు బయటపడకముందే డబ్బు చేతికొస్తుంది. హైదరాబాద్ చుట్టుపక్కల ప్రీ లాంచ్ పేరుతో పునాది కూడా లేని ఫ్లాట్లకు డబ్బు కట్టినవారి అవస్థ మనకు తెలుసు. అలాంటి చోట ‘మీరెందుకు కట్టారు’ అని చట్టం ఊరుకోలేదు. 2016 నాటి రెరా చట్టం రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాజెక్టును అమ్మకూడదంది, ఒప్పందం రిజిస్టరు కాకుండా ధరలో పదో వంతుకు మించి అడ్వాన్సు తీసుకోకూడదంది, వసూలైన సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలంది. ఇంటికి వర్తించే ఈ న్యాయం సాఫ్ట్‌వేర్‌కు ఎందుకు వర్తించకూడదు?

‘ఇష్టం లేకపోతే మానెయ్యండి’ అన్నదే చివరి వాదన. మానేయడం కూడా అంత తేలిక కాదు. ఏడాది ఒప్పందం మీద నెలనెలా కట్టే అడోబ్ ప్లాన్‌ను మొదటి ఏడాది మధ్యలో వదిలితే మిగిలిన నెలల సొమ్ములో సగం కట్టాలి. ఈ షరతును కనబడకుండా దాచారనీ, రద్దు చేసుకోవడం కష్టతరం చేశారనీ 2024 జూన్‌లో అమెరికా ప్రభుత్వమే కోర్టుకెక్కింది. పదకొండేళ్లుగా కొనుగోలుదారులు చెబుతున్న మాట చివరికి ప్రభుత్వం నోట వచ్చింది.

మన దేశంలో కొన్ని రక్షణలు ఇప్పటికే ఉన్నాయి. కార్డు నుంచి ప్రతినెలా తనంతట తాను సొమ్ము పోయే ఏర్పాటుకు 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు కొత్త నిబంధన అమలు చేసింది. డబ్బు తీసుకునే 24 గంటల ముందు వాడకందారుకు కబురు అందాలి. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 13 రకాల మోసపు ఎత్తుగడలను నిషేధించింది. చందా ఉచ్చు అందులో ఒకటి. ఈ నిబంధనలు కాగితం మీదే మిగిలిపోకుండా ఉండాలంటే ఫిర్యాదులు రావాలి.

కనుక స్టూడియోలు నడిపేవారికి, డీటీపీ పని చేసేవారికి, గేమ్‌లు కొనే పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు నా విన్నపం ఇది. చందా మొదలుపెట్టే ముందు దాన్ని రద్దు చేసే పద్ధతి చదవండి. విడుదల కాని దానికి డబ్బు కట్టకండి. కట్టి మోసపోతే సిగ్గుపడి ఊరుకోకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అక్కడ తెలుగులో కూడా ఫిర్యాదు తీసుకుంటారు.